ఘాటులో పక్కకు లాగిన జీపు

కామాఠిపుర, ముంబై.

సౌభాగ్యవతి రత్నకు శంకర్రావు ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసా. మక్తల్‌లో నువ్వూ, మీ అక్కా, వాళ్ళింట్లో అందరూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి ముందు జవాబు చెప్తాను. మోకాలికి ఆపరేషను చేసిన డాక్టరు నిన్ను నడవమన్నాడు గాని మెట్లెక్కమనలేదు. మీ అక్క మాట విని మేడ మీదికి పోకు. నీళ్ళు ఇప్పుడు పొద్దున్నే వస్తున్నాయి, కోడలు శీతల్ పట్టి పెడుతోంది. గ్యాలరీలో నీ కరివేపాకు మొక్క బతికే ఉంది. ఫోను ఉండగా ఉత్తరాలేమిటని మన విక్కీ నవ్వుతాడు. ఫోనులో నీకు వినబడాలంటే అరవాలి, నేను అరిస్తే చాల్‌లో ఇళ్ళన్నీ వింటాయి. ఇది చాల్ వినాల్సిన సంగతి కాదు.

ఇక నువ్వు కోపంగా అడిగింది. "బస్సుల నా కాలు ముడవరాదు, జీపు తెస్తనంటివి, ఎందుకు రాలే" అని. దారిలో స్టీరింగు చెడిందని ఫోనులో చెప్పాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

నిన్ను ఎక్కించి దించడానికి తోడుంటుందని ఆ రోజు శీతల్‌ని తీసుకుని బయల్దేరాను. కొన్నాళ్ళుగా జీపు నడకలో తేడా ఉంది, రోడ్డు బాగాలేదనుకుంటూ వచ్చాను. వాగుల్లో, కంకర క్వారీల్లో నడిపిన ఫోర్‌వీల్ బండి, దానికేమవుతుందిలే అని ధీమా. కొండ మీది ఘాటు రోడ్డు మలుపులో ఉన్నట్టుండి ఎడమకు లాగింది. స్టీరింగు తిప్పాను. అది తిరిగింది గాని బండి వినలేదు. పక్కన లోయ, వెనక ట్యాంకరు హారను. శీతల్ చెయ్యి చాపి స్టీరింగు పట్టి గట్టిగా లాగింది. రోడ్డు పక్క గోడకు బంపరు రాసుకుని ఆగాం.

మెల్లగా నడుపుకుంటూ ఘాటు పైన మంగేష్ అనే మెకానిక్ షెడ్డుకు చేరాం. అతను బండి కిందికి దూరి, ముందు చక్రాలను కలిపే రాడ్డు చివర కీలు అరిగిందని చూపించాడు. పట్టి ఊపితే కదిలే పన్నులా ఊగింది. నాకు ఎంత నిశ్చింతగా అనిపించిందో చెప్పలేను. తప్పు బండిదే అన్నమాట.

కొత్తది బిగించాడు. బయల్దేరాం. తిన్నని రోడ్డు మీద కూడా జీపు అటూ ఇటూ పోతోంది. వెనక్కి తిప్పుకొచ్చి, పని సరిగ్గా చేయలేదని మంగేష్ మీద కేకలేశాను. అతను నన్ను పక్కన కూచోబెట్టుకుని తనే నడిపాడు. స్టీరింగు మీద వేళ్ళు ఆనించాడంతే, బండి గీత గీసినట్టు పోయింది.

"గాడీ సరళ్ చాల్తే, కాకా" అన్నాడు మెల్లగా. బండి తిన్నగానే పోతోందని.

నా ఒళ్ళో చేతులు చూసుకున్నాను రత్నా. ఎడమ చెయ్యి దానంతటదే వణుకుతోంది. టీ గ్లాసు పట్టుకున్నప్పుడు వణికితే చలి అనుకునేవాణ్ణి. ముంబైలో చలేమిటని నన్ను నేనే అడగలేదు.

షెడ్డు దగ్గర నేను మళ్ళీ స్టీరింగు వైపు జరిగితే శీతల్ నా తలుపు తీసి నిలబడింది. "మామా, జరుగుండ్రి. నేను నడుపుత. అత్తమ్మ ఎదురు చూస్తుంటది."

"ముందుకొద్దు. ఇంటికి తిప్పు."

"ఎందుకు మామా? బండి మంచిగైంది గద."

"తిప్పమన్న గద" అని గద్దించాను. వర్లిలో రోజూ స్కూలు వ్యాను నడిపే పిల్ల. కళ్ళు తుడుచుకుంటూ నడిపి ఇంటికి తెచ్చింది.

అదీ జరిగింది. బండి చెడి రాలేకపోవడం కాదు. కోడలు నడుపుతుంటే పక్కన కూచుని మీ అక్క వాకిట్లో దిగడానికి మనసొప్పక తిరిగొచ్చాను. నువ్వు సంచి సర్దుకుని సాయంత్రందాకా గడపలో కూచున్నావని మీ అక్క తర్వాత చెప్పింది. అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

శీతలే పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకుపోయింది. నరాల జబ్బట. మందులతో వణుకు తగ్గుతుంది, పూర్తిగా పోదన్నాడు డాక్టరు. ప్రాణానికి భయం లేదు, బండి మాత్రం నడపొద్దన్నాడు. విక్కీకి చెప్పాను. తెల్లారి నేను చొక్కా వేసుకుంటుంటే వచ్చి గుండీలు పెట్టాడు. కంగారుపడకు, కుడి చెయ్యి ఇంకా నా మాట వింటోంది. ఈ రాత నాదే.

తాళం శీతల్‌కిచ్చేశాను. ఆదివారం వస్తున్నాం, తనే నడుపుతుంది. ఆడపిల్ల చేతికి బండి ఎట్లిచ్చినవని అందరి ముందూ అనకు. ఘాటులో మమ్మల్ని ఆపింది ఆ చెయ్యే.

ముందు సీట్లో సామాను పెడదాం. ఇన్నేళ్ళూ ఆ జీపులో నువ్వు వెనక కూచుని నా వీపే చూశావు, నేను రోడ్డే చూశాను. ఈసారి నీ పక్కన కూచుంటాను. ఎడమ చెయ్యి నీ వైపు ఉంటుంది. వణికితే పట్టుకో.

ఇట్లు,
విక్కీ నాయన
శంకర్రావు