పళ్ల మధ్య తాడు

చిన్నోడా,

పెద్దన్నయ్యని రాస్తున్నాను. చింపెయ్యాలనిపిస్తే చివరిదాకా చదివి చింపు.

నడిపోడు నీళ్లలో పోయిన మర్నాడు, ఇంటినిండా జనం ఉండగా నువ్వొక మాటన్నావు. "వాళ్లిద్దరికీ వారంనుంచీ మాటల్లేవు. అందుకే పెద్దన్నయ్య నీళ్లలో కూడా పిలవలేదు" అన్నావు. గట్టిగా కూడా అనలేదు. పక్కవాడికి టైము చెప్పినట్టు అన్నావు. అందరూ విన్నారు. మీ వదిన విన్నది. నడిపోడి పెళ్లాం విన్నది. నేను చెప్పులేసుకుని బయటికి పోయాను. అప్పట్నుంచి నీ గడప నేను తొక్కలేదు, నా గడప నువ్వు తొక్కలేదు. ఇద్దరం ముసలాళ్లమైపోయాం. ఆ మాటకి మాత్రం ఒక్క వెంట్రుక నెరవలేదు.

మాటల్లేని సంగతి నిజమే. మన పడవకి వాడు ఆకుపచ్చ రంగు వేద్దామన్నాడు, నేను నీలం అన్నాను. దానికే. ఇంకో రెండ్రోజులు పోతే ఎవడో ఒకడు చుట్టకి నిప్పడిగేవాడు, అక్కడితో సరి. ఎప్పుడూ అంతేగా మనకి.

వాడు పోయినప్పుడు నేను ఏడవలేదని కూడా జనం అనుకున్నారు. రాలేదు. రానిది ఎక్కడినుంచి తేను? ఆ తర్వాత కూడా నాకు ఏదీ పెద్దగా రాలేదు. మనవరాలు పుట్టిందన్నారు, సరే అన్నాను. పడవ అమ్మేశారు, సరే అన్నాను. పొద్దున లేస్తాను, అరుగుమీద కూర్చుంటాను, నీడ జరిగితే కుర్చీ జరుపుతాను.

ఇప్పుడు అసలు సంగతి. మోకాళ్లు పట్టేశాయని డాక్టరు నన్ను ఈతకొలనుకి పొమ్మన్నాడు. మీ వదిన నవ్వింది. "ఈ వయసులో బళ్లో వేస్తున్నారా మిమ్మల్ని?" అంది. వెళ్లాను. పైకప్పు ఉన్న పెద్ద హాలు, తెల్ల పలకలు, నీళ్లలో మందువాసన. నేర్పేది ఒక ఆడపిల్ల, మెడలో ఈల. నాతోపాటు ఒక దర్జీ, ఇద్దరు ముగ్గురు లావుపాటి ఆడవాళ్లు. నేను దిగి ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్లి చూపించాను. నేర్చుకోడానికి రాలేదని తెలియాలిగా.

ఆ పిల్ల గట్టుమీద కూర్చుని అడిగింది. "తాతగారూ, మీరు ఈదుతున్నారా, ఎవరిమీదికో పోట్లాటకి వెళ్తున్నారా?"

"నువ్వు పుట్టకముందునుంచీ నీళ్లలోనే బతికానమ్మా."

"మరి మెడ అలా నిలబెట్టారేం? గడ్డం కూడా తడవలేదు."

"వదిలెయ్యమ్మా, పెద్దాయన నిన్ననే గడ్డం గీయించుకున్నట్టున్నారు" అన్నాడు దర్జీ. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

మొహం నీళ్లలో పెట్టాలట. బార వేస్తూ నోటితో గాలి వదలాలట, పక్కకి తిరిగి నోటితోనే పీల్చాలట. మొహం పెట్టాను. నోరు తెరుచుకోలేదు. మర్నాడూ తెరుచుకోలేదు. మొండితనం అనుకుంది ఆ పిల్ల, నేనూ అదే అనుకున్నాను. తర్వాత ఒకరోజు నీళ్లలోకి దిగొచ్చి నా దవడమీద చెయ్యి వేసింది. "ఇదేంటి తాతగారూ, రాయిలా ఉంది! నోట్లో ఏదన్నా పట్టుకున్నారా?"

నడుములోతు నీళ్లలో నిలబడి నా దవడ నేనే తడుముకున్నాను.

నీకు తెలియనిదేం కాదు, అయినా రాస్తాను. ఒడ్డున పట్టుకునేవాడు లేని చోట పడవ ఆగితే, సన్నతాడు కొస పళ్లతో పట్టుకుని దూకేది నేనే. తల పైకెత్తి, నోరు బిగించి, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ ఒడ్డుకి ఈదేవాణ్ణి. దాన్ని లాగితే వెనకాల పడవ కట్టే లావు మోకు వచ్చేది, గుంజకి కట్టేవాణ్ణి. నోరు తెరిస్తే తాడు పోయినట్టే. తాడు పోతే పడవ వాలుకి కొట్టుకుపోయినట్టే. మీసాలు రాకముందునుంచీ అదే పని. వేరే ఈత నాకు రాదు.

ఆ రోజు పొగమంచు. వాడు కాలుజారి పడ్డాడు. నేను దూకాను. వాడికి పడవ కనపడలేదు, ఒడ్డు కనపడలేదు, పడవకి దూరంగా ఈదుకుంటూ పోయాడు. నా తల పైనే ఉంది కాబట్టి నాకు వాడి తల కనిపిస్తూనే ఉంది. తర్వాత కనపడలేదు. ఒక్క కేక వేస్తే వెనక్కి తిరిగేవాడు. అక్కడిదాకా నువ్వన్నది నిజమే. కానీ నా పళ్లు బిగుసుకుని ఉన్నాయి. ఆ రోజు నోట్లో తాడు లేదు. లేదని నా దవడకి తెలియదు. నాకూ తెలియదు, ఆ పిల్ల చెయ్యి వేసేదాకా.

ఇన్నేళ్లూ నీమీద కోపంగా ఉన్నానని నువ్వనుకుని ఉంటావు. అది సగమే. మిగతా సగం, నువ్వన్నదే నేనూ నమ్మాను. పాడు రంగు కోసం తమ్ముణ్ణి పిలవలేదేమో నేను, అనుకుంటూ కుర్చీ జరుపుకున్నాను.

నోరు తెరుచుకోవాలంటే నీళ్లలో ఏదో ఒక మాట అనమంది ఆ పిల్ల. ఎవరి పేరైనా సరేనంది. మొహం ముంచి అన్నాను. బుడగలొచ్చాయి.

"ఏమన్నారు?"

"ఏదోలే."

"గాలి వచ్చింది కదా! అదే అంటూ ఉండండి."

బారకొకసారి నడిపోడా, నడిపోడా అనుకుంటూ ఆ చివరిదాకా వెళ్లాను. ఈత చక్కగా కుదిరిందని దర్జీ చప్పట్లు కొట్టాడు. నాకు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి భోంచేసి పడుకున్నాను.

ఇక నీ సంగతి. నా నోట్లో లేని తాడుంది. నువ్వు ఆ రోజు పడవమీద ఉన్నావు, పొడిబట్టలతో. నీకు వాడు కనపడకపోయినా, నువ్వొక కేక వేస్తే పడవ ఎటుందో వాడికి తెలిసేది. నీ నోట్లో ఏముంది? దెప్పడానికి అడగడంలేదు. నాకు తెలియకుండా నా నోరు కట్టేసినది ఒకటి ఉన్నప్పుడు, నీకూ ఒకటి ఉండే ఉంటుంది. అది చెప్పలేకే నా సంగతి చెప్పావేమో.

నడిపోడి పెళ్లాం ఈ ఇరవయ్యో తారీకున సామాను సర్దుకుని కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. మళ్లీ రాదు. ఆ రోజు నీ మాట విన్న మనిషికి మనిద్దరి మాటా వినిపించి పంపాలి. నీది రాకపోతే నాది చెబుతాను, కానీ అది సగమే అవుతుంది.

పద్దెనిమిదో తారీకులోపు జవాబు రాయి. రాయడం చేతకాకపోతే రా. నా గుమ్మం ముందు నిలబడి ఒక్క కేక వెయ్యి. పలుకుతాను.

నీ పెద్దన్నయ్య