నలభై నుంచి యాభై శాతానికి

జూన్ 3, మంగళవారం
ఇంగ్లిష్ పరీక్షలో రాతకి మళ్లీ అయిదే, తొమ్మిదికి. కావాల్సింది అయిదున్నర. మోడల్ పరీక్షే కాబట్టి సరిపోయింది, అసలుది 21న. మాట్లాడటం, వినడం, చదవడం గట్టెక్కాయి. ఈ గ్రాఫుల గురించి ఇంగ్లిష్‌లో రాయడమే ప్రాణం తీస్తోంది.
ఓనరు నేను నడిపే లారీ అమ్మేస్తానంటున్నాడు. ఆ అర మార్కు వస్తేనే కెనడాలో డ్రైవరు పని.

జూన్ 5, గురువారం
విజయనగరం క్లాసు. సారు నాకంటే పదేళ్లు చిన్న, అయినా సారే. నా కాగితం అందరి ముందూ చదివాడు. సరుకు రవాణాలో రోడ్డు వాటా అరవై నుంచి డెబ్భై శాతం అయింది కాబట్టి లారీలు పెరిగాయని రాశాను. రైళ్ల వాటా ఎందుకు తగ్గిందో కూడా రాశాను — సమ్మె చేసి ఉంటారని.
"సమ్మె ఎక్కడుందండీ ఇందులో?"
పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మండింది.
"కారణాలు మనకొద్దు. గ్రాఫు బొమ్మలో ఉన్నది చెప్పండి చాలు. శాతం పెరిగితే సంఖ్య పెరిగినట్టు కాదు."
ఎందుకు కాదో అర్థం కాలేదు. తలూపాను.

జూన్ 6
లారీతో సుంకి ఘాట్ రోడ్డు దిగుతూ అదే ఆలోచన. పెరిగితే పెరిగినట్టే కదా... ఒక మలుపులో హారన్ కొట్టడం మర్చిపోయాను. ఇక బండిలో శాతాలు వద్దు.

జూన్ 9, సోమవారం
ప్రతిసారీ అంకె వెయ్యకూడదట. 33 ఉంటే మూడో వంతు అనాలి. 48 అంటే సగానికి కాస్త తక్కువ. డీజిల్ గేజి చూసి చెప్పినట్టే. ఇది మాత్రం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

జూన్ 14, శనివారం
లోడు దొరకలేదు. శాతాల మీద సొంతంగా ఒక ఉదాహరణ రాసుకు రమ్మన్నాడు సారు. స్టాండులో కూర్చుని మా ఓనరు బళ్లే రాశాను. మూడేళ్ల కిందట పది బళ్లు, పదిమంది డ్రైవర్లు, అందులో సాలూరు వాళ్లం నలుగురం. నలభై శాతం. ఇప్పుడు ఆరు బళ్లు, ఆరుగురు డ్రైవర్లు, మనవాళ్లం ముగ్గురం. యాభై.
ఎంత సంతోషం వేసిందో. టీ కొట్టు దగ్గర అప్పన్న బావ కనిపించాడు — మా ఆవిడ పార్వతికి అన్న, నాకు స్టీరింగు పట్టడం నేర్పినవాడు. కాగితం చేతిలో పెట్టి చెప్పేశాను... బావా, మన శాతం పెరిగింది, నలభై నుంచి యాభై.
బావ కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. ఇంకా దగ్గరికి.
"బాగానే ఉన్నాది గాని... మరా నాలుగోవోడు ఏటైపోనాడ్రా?"
అప్పుడు తట్టింది. నాలుగోవాడు బావే. చూపు తగ్గి, లైసెన్సు రెన్యువల్ కాక, నిరుడు బండి దిగాడు.
"నేను దిగిపోతే మీ శాతం పెరిగినాదన్నమాట" అని నవ్వాడు. టీ కూడా తనే తాగించాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

జూన్ 15
సారు చెప్పింది అర్థమైంది. ఇలా కాకుండా ఇంకెలా అర్థమైనా బాగుండేది.

జూన్ 18, బుధవారం
కొత్త కాగితం ఇచ్చాను. వాటా పెరిగింది, మొత్తం ఎంతో బొమ్మలో లేదు — అని రాశాను. ఆరు వేశాడు.
"ఎవరండీ ఇంత బాగా చెప్పింది?"
మా బావ అన్నాను.
"ఆయనా పరీక్ష రాస్తున్నారా?"
లేదండి...

జూన్ 21, శనివారం
వైజాగ్‌లో పరీక్ష అయింది. ఇళ్లలో నీళ్ల వాడకం, దేనికెంత శాతం అని. తోటలకి అన్ని నీళ్లు ఎందుకు పోస్తారో రాయాలని చెయ్యి దురద పెట్టింది. రాయలేదు. ఒక్క కారణమూ రాయలేదు.

జూన్ 24, మంగళవారం
లారీ కొనే ఆయన వచ్చాడు, బొబ్బిలి నుంచి. టైర్లు తన్ని చూశాడు. బేరం కుదిరింది. "బండితో పాటు నువ్వూ ఉంటావేటి?" అని అడిగాడు. గురువారం పొద్దున్న చెప్పాలట, లేకపోతే తన మనిషిని పెట్టుకుంటాడు. నా ఫలితం శుక్రవారం. ఒక్కరోజు ఆగమన్నాను. ఆగనన్నాడు.

జూన్ 25, బుధవారం
పార్వతి ఏదీ తేల్చదు. "నీకేటి బాగుంటే అదే సెయ్యి." కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.
సాయంత్రం బావ వచ్చాడు. ఎవర్నీ ఏదీ అడగని మనిషి. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.
"ఆ బొబ్బిలాయన్ని ఒక మాటడుగుతావేటి. క్లీనర్ సీటు కాళీ ఉంటాదేమోనని. తాళ్లు కడతాను, టైరు మారుస్తాను. దానికి ఇంత సూపు సాల్దా?"
అడుగుతాను బావా అన్నాను.
"నువ్వు నడిపితేనే. ఇంకోడి పక్కన నేను కూసోను. నువ్వు ఎల్లిపోయేటట్టుంటే అడగొద్దు."
పార్వతి అన్నం తిని వెళ్లమంటున్నా వినకుండా వెళ్లిపోయాడు.
బొబ్బిలాయన నంబరు తీసి ముందు పెట్టుకున్నాను. పొద్దున్నే చెప్పాలి. ఉండాలో, వెళ్లాలో ఇంకా ఏమీ అనుకోలేదు...