ఆవిడ పడవ దిగింది

బావమరిదికి దీవెనలతో బావ రాసేది,

నీ సినిమా హాలుకు రీలు పంపుతున్నాను. మీ అక్క పోరు పడలేక ఆఫీసులో పూచీ పడి ఇప్పించాను. ఇది యజమానిగారు స్వయంగా తీసిన బొమ్మ. చివర్లో పడవెక్కి వెళ్ళిపోయే ఆవిడ ఆయన భార్యే. బొమ్మ పూర్తయిన కొన్నాళ్ళకే పోయారు. అందులో ఒక్క ముక్క కత్తిరించినా నా ఉద్యోగం ఊడుతుంది. ఫిల్ము దీపం ముందు ఆగితే భగ్గుమంటుంది, జాగ్రత్త.

ఇట్లు,
నీ బావ

తా.క. నీ బుర్రకు పని చెప్పకు. చెప్పినప్పుడల్లా నాకు పని పడింది.

* * *

బావగారికి నమస్కారాలు.

మీ దయవల్ల హాలు కిటకిటలాడుతోంది! మొదట్లో ఆవిడ వెళ్ళిపోతుంటే అందరూ ముక్కులు చీదేవారు. చిన్న కిటుకు చేశాను. ఇప్పుడు ఆవిడ చెయ్యి ఊపుతూ పడవ దిగి ఇంటికి వచ్చేస్తోంది. ఈలలే ఈలలు!

మీ బావమరిది

తా.క. దిగింది మొదలు గుమ్మందాకా మనకు వీపే చూపిస్తుంది, అలిగిన కోడలిలా.

* * *

ఒరేయ్ బుద్ధిమంతుడా,

పోయిన మనిషి పడవ దిగడమేమిట్రా? ఏం కోశావు? ఎవరిని పెట్టి తీసి అతికించావు? నీ ఉత్తరం నా బల్లమీద ఉంటే యజమానిగారు చదివేశారు. వెంటనే టోపీ పెట్టుకుని మీ ఊరి రైలెక్కారు. అరిచినా బాగుండేది. నాకు ముద్ద దిగడం లేదు. ఆయన వచ్చేలోగా బొమ్మను మునుపున్నట్టు చెయ్యి.

నీ బావ

తా.క. మీ అక్క ‘మా తమ్ముడు ఏం చేసినా ఓ అర్థం ఉంటుంది’ అంటోంది. నా భయం రెట్టింపయింది.

* * *

బావా,

మీ ఉత్తరం, యజమానిగారు ఒకే రైల్లో దిగారు. నేను కత్తెర ముట్టలేదు, ఒట్టు! ఆట అయ్యాక రీలు మళ్ళీ మొదటికి చుట్టాలి కదా. విడిగా చుట్టే ఓపిక లేక బొమ్మ వేసే మిషనులోనే ఉంచి పిడి వెనక్కి తిప్పుతుంటాను. ఒకరోజు దీపం ఆర్పడం మరిచాను. వెళ్ళిపోయినావిడ తెరమీద తిరిగొచ్చింది. గుమ్మందాకా పోయిన జనం మళ్ళీ కూర్చున్నారు. అప్పట్నించి రోజూ దీపం ఆర్పకుండానే తిప్పుతున్నాను, అంతే సంగతి.

ఆయన వెనక బెంచీలో కూర్చున్నారు. పడవ వెనక్కి రాగానే లేచి నిలబడ్డారు. నేను చెయ్యి ఆపలేదు, ఆపితే ఫిల్ము కాలుతుంది. తెర తెల్లబడ్డాక తిన్నగా మిషను గదిలోకి వచ్చారు.

"తిప్పింది నువ్వేనా?"

"నేనేనండీ."

నా చెయ్యి పట్టుకున్నారు. కొడతారనుకున్నాను.

"ఇంకాస్త మెల్లగా తిప్పలేవూ?"

"కాలిపోతుందండీ."

"అయితే మళ్ళీ తిప్పు."

"ఆవిణ్ణి మళ్ళీ రప్పించాలంటే ముందు వెళ్ళనివ్వాలండీ" అన్నాను.

"తెలుసులే" అన్నారు.

ఆవిడ వెళుతున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నారు. వచ్చేటప్పుడు నేనే చెప్పాను, "తెరవండి, దిగుతోంది" అని. నాకూ ఏడుపాగలేదు బావా.

మీ బావమరిది

తా.క. మీ ఉద్యోగం ఊడలేదు, నా భుజం ఊడింది. ఆయన ఇంకా వెనక బెంచీలోనే ఉన్నారు. మిమ్మల్ని వెంటనే రమ్మన్నారు, పిడి తిప్పడానికి.