ఇస్త్రీ బల్లకు కొత్త గలీబు

జయశీలా,

స్త్రీల సమాజం మీటింగుకు జోగిపేట పోతున్న. రేపు పొద్దుగూకే యాళ్లకు వస్త. ఇస్త్రీ బల్లకు కొత్త గలీబు కుట్టి కుట్టుమిషన్ మీద పెట్టిన. బడి నుంచి రాంగనే తొడుగు. ముందుగాల బల్ల మీద పాత కంబళి మడత లేకుండ పరువు. గలీబు అంచుల నాడ ఎక్కించిన, దాన్ని బల్ల కిందికెళ్లి గట్టిగ గుంజి ముడెయ్యి. వదులైతే ఆదివారం చర్చికి తొడిగే తెల్లంగీలు ముడతలు పడ్తయి.

పాత గలీబు కాలిందని చెప్తే నిన్ను మింగుతనా బిడ్డా? తిప్పేసి, మీద తువ్వాల కప్పి దాచినవ్. ఈ ఇంటికొచ్చి ఏడాదాయె, ఇంక గింత భయమైతే ఎట్ల?

ప్రభుదాసు ఆ మచ్చ చూసి, ‘ఎవరు కాల్చిన్రమ్మా?’ అని అడిగిండు. ‘నేనే’ అన్న. నువ్వు గూడ ‘అత్తమ్మే’ అని చెప్పు.

అత్తమ్మ

అన్నట్టు, అమ్మకు కండ్లు ఆనుతలేవని వాడు నన్ను సోమవారం కండ్ల డాక్టరు దగ్గరికి తోల్కపోతడట. గీ గలీబు కుట్టెటప్పుడు సూదిల దారం నేనే ఎక్కించిన. నువ్వే ఏదో ఒకటి చెప్పి ఆపు. నిజం మాత్రం చెప్పకు.