పెరట్లో కూర్చున్న వదిన

అన్నా,

ఫోన్‌లో గొంతు పెంచితే కట్ చేస్తివి. అందుకే రాస్తాండాను. చివరిదాకా చదువు.

గర్భసంచి క్యాన్సర్ మీద పరిశోధన చేసినానని, ఎమ్మిగనూరులో మన నేతగాళ్ళందర్నీ పిలిచి నాకు సన్మానం చేయిస్తివి. వదిన నేసిన చీరే నాకు కప్పిస్తివి. ఆ వదిన యాడుందని అడిగితే, "దూరముందిలేమ్మా, పెరట్లో కూర్చుంది" అంటివి.

యాభై ఆరేండ్ల మనిషికి ముట్టేందన్నా?

ముట్టు నిలిచిపోయినాక మళ్ళీ రక్తం కనపడితే వెంటనే డాక్టరుకు చూపించాలని నేను ఊరూరా తిరిగి చెప్తాండాను. మీరేమో ఏడాదిగా, ఆమెకు రక్తం పోయినప్పుడల్లా మగ్గం మీద నుంచి లేపి దూరం కూర్చోబెడతాండారు. మగ్గానికి మైల తగలకుండా ఇంటిల్లిపాదీ చూసుకుంటిరి. మనిషికేమైందో ఒక్కరూ చూడకపోతిరి.

మరుసటి దినం నేనే పట్టుబట్టి ఆదోనికి తోలుకపోయి పరీక్ష చేయిస్తి. అదే క్యాన్సర్. ఇంకా గర్భసంచి దాటలేదు. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే బతుకుతుంది. నువ్వు ఉరుకుంద జాతర అయినాక తెస్తానంటావు. ఈరన్నస్వామి యాడికీ పోడు, వచ్చే ఏడూ ఆడనే ఉంటాడు. వదిన ఉండాల గదా.

సోమవారం ఆమెను కర్నూలుకు తోలుకొని రా. ఆ దినం కూడా ఆమెకు రక్తం పోతాండొచ్చు. బస్సులో నువ్వు వేరే సీటు చూసుకోవద్దు. పక్కనే కూర్చొని ఆమె చెయ్యి పట్టుకో.

నీ చెల్లెలు