తిరిగొస్తున్న బరువు

జూన్ 2

టైలరమ్మ నా జాకెట్లు తిరగేసి చూసింది. లోపల ఇంక గుడ్డ లేదట. విప్పగలిగినంతా విప్పేశాం. "కొత్తవే కుట్టించుకోవాలక్కా." ఆపరేషన్ అయిన కొత్తలో వీటిని మళ్ళీ మళ్ళీ బిగించి ఇచ్చింది ఈమే. బిగించినప్పుడల్లా నవ్వేది. ఇవాళ టేపు చుట్టి, కొలత పైకి చదవకుండా రాసుకుంది.

జూన్ 3

బరువు చూసుకున్నాను. నాలుగేళ్ళ కింద, కడుపు కోసి చిన్నది చేయకముందు నూట పన్నెండు. బాగా తగ్గినప్పుడు డెబ్బై. ఇవాళ తొంభై ఒకటి.

మిషన్ జరిపి, ఇంకోచోట పెట్టి మళ్ళీ ఎక్కాను. అదే.

జూన్ 7

బోడి నుంచి చెల్లెలు వసంత ఫోన్. కాలి పుండు ఇంకా మానలేదు. షుగర్ దిగడం లేదు. అక్కడి డాక్టరు బరువు తగ్గే ఆపరేషన్ చేసుకోమన్నాడట.

"నేనూ చేసుకుంటానక్కా. నీకు చేసినారే, ఆ డాక్టరమ్మ దగ్గరే. నీయట్ల అయిపోతే చాలు నాకు."

నీయట్ల... మేము కలుసుకుని రెండేళ్ళు దాటింది. దాని కళ్ళల్లో నేనింకా అప్పుడు చుట్టాల పెళ్ళిలో దిగిన ఫోటోలోని సన్నటి మనిషినే. వీడియోలో మాట్లాడదామంటే సిగ్నల్ లేదంటూ వస్తున్నాను.

"కండిప్పా రా, తప్పకుండా రా," అన్నాను. ఇంకేమనను?

జూన్ 8

మేట్టుపాళయం నుంచి ఎవరో తెచ్చిచ్చిన వర్కీ, పొరలు పొరల బిస్కెట్లు. పొట్లం మొత్తం తినేశాను.

జూన్ 11

భోజనం తక్కువే తింటానంటే ఎవరు నమ్ముతారు? నిజంగానే తక్కువ. కోడి ముక్క తింటే గుండెల్లో అడ్డం పడుతుంది. గుడ్డూ అంతే. కానీ వర్కీ కరిగిపోతుంది. మిక్చర్ నమిలితే పిండి, ఐస్‌క్రీం నీళ్ళు. ఇవేవీ ఆ చిన్న కడుపులో ఆగవు, జారిపోతాయి. మా వర్క్‌షాపులో కూర్చుని పంపు మోటార్లకు రాగి తీగ చుడుతూ ఒక గుప్పెడు. కాసేపాగి ఇంకో గుప్పెడు. సాయంత్రం దాకా ఇదే.

మొదటి ఏడాది ఆకలే లేదు. అర ఇడ్లీ తిని పళ్ళెం తోసేసి "చాలు" అనేదాన్ని. అంతకుముందు నా బతుకులో ఆ మాట అన్న గుర్తు లేదు. ఎంత హాయిగా ఉండేదో — చాలు.

జూన్ 12

ఆయన ఏమీ అనరు. సాయంత్రం బేకరీలో బన్ను తిని, మీసం మీద తునకలు తుడుచుకుని గానీ ఇంట్లోకి రారు.

అడిగేశాను. "నాకు భయపడి బయట తిని వస్తున్నావా?"

"నేనేమన్నా అన్నానా శాంతామణీ? సుమ్మా, ఊరికే ఎందుకు ఏడుస్తావు?"

అనలేదు. తిట్టినా బాగుండేది.

జూన్ 16

ఒక్కదాన్నే ఆస్పత్రికి వెళ్ళాను. ఏడాదిన్నరగా ఎగ్గొడుతున్నాను — వసంత రాకముందు ఒకసారి ముఖం చూపించాలి కదా.

వరండా గోడ మీద నా ఫోటో ఇంకా ఉంది. ఆపరేషన్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి. రెండో దాంట్లో పాత చుడీదార్ పట్టుకుని దుప్పటిలాగా చాచి నవ్వుతున్నాను. కొత్తగా చేరిన పిల్ల, తిండి పట్టీ రాసిచ్చే అమ్మాయి, నా ఫైలు చూసి, గోడ చూసి, నన్ను చూసింది.

"మేడమ్... ఇది మీరా?"

"నేనే."

"సారీ మేడమ్," అంది. దేనికో.

డాక్టరమ్మ కోప్పడలేదు. చాలామందికి కొంత తిరిగి వస్తుందట. కడుపు మళ్ళీ సాగుతుంది, ఆకలి మళ్ళీ పుడుతుంది. "మీరు రావడం మానేశారు చూడండి, దానికే నా బాధ. సిగ్గుపడాల్సిన జబ్బు కాదమ్మా ఇది," అంది. షుగర్ మాత్ర మళ్ళీ మొదలు. ఆ మాత్ర ఆపేసిన రోజున వీధంతా పాయసం పంచాను.

ఫోటో తీసేయమని అడగాలనుకున్నాను. అడగకుండానే వచ్చేశాను.

జూన్ 20

వసంత దిగింది. బస్టాండులో నన్ను చూడగానే చెయ్యి ఊపింది. ఊపుతూ ఊపుతూ ఆ చెయ్యి మధ్యలో ఆగింది. నా ముఖం నుంచి కిందికి పోయిన చూపు మళ్ళీ ముఖానికి రావడానికి ఎంతసేపు పట్టిందో...

"కొంచెం ఒడంబు వేసి లావైనట్టుండావక్కా."

"ఊఁ."

"పరవాల్లే. బాగుండావు."

కుంటుతోంది. కుడి పాదానికి కట్టు. పోదనూరులో మా ఇంటి దాకా ఆటోలో నా చెయ్యి వదల్లేదు. ఇద్దరికీ సీటు చాల్లేదు, ఇద్దరం నవ్వలేదు. చిన్నప్పుడైతే నవ్వేవాళ్ళం.

జూన్ 21

మధ్యాహ్నం నా పళ్ళెం వైపే చూస్తూ కూర్చుంది. "ఇంత కొంచెమే తింటావే. అప్పరం, మరి ఎట్ల వచ్చిందక్కా మళ్ళా?"

లేచి నా పళ్ళెం కడగడానికి పోయాను.

సాయంత్రం దానికే తెలిసిపోయింది. వర్క్‌షాపులోకి ఎప్పుడొచ్చిందో చూసుకోలేదు. ఒక చేతిలో తీగ, ఇంకో చెయ్యి మిక్చర్ డబ్బాలో. అరుస్తుందనుకున్నాను. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. తనూ డబ్బాలో చెయ్యి పెట్టింది. ఇద్దరం తిన్నాం. అడుగున కారం పొడి మిగిలే దాకా.

అప్పుడు అంది — "నాకూ ఇట్లనేక్కా. నిలపాలంటే రాదు."

జూన్ 23

డాక్టరమ్మ దాని కాగితాలన్నీ చూసింది. ఆపరేషన్ చేస్తే షుగర్ అదుపులోకి రావడానికి మంచి అవకాశం ఉందంది. వసంత వింది. విని, నా వైపు వేలు చూపింది.

"మా యక్కకు మళ్ళా వచ్చింది కదమ్మా. నాకు రాదని చెప్తారా?"

"అలా మాట ఇవ్వలేనమ్మా. రాకుండా చూసుకోవడానికి కలిసి కష్టపడదాం."

బయట ఆ ఫోటో కిందే ఉంది బెంచీ. వసంత ఫోటోకు వీపు పెట్టి కూర్చుంది.

"నాకు వొద్దక్కా."

అమ్మను గుర్తు చేశాను. షుగర్ వల్ల కాలి వేలితో మొదలై మోకాలి దాకా తీసేశారు, ఆ తర్వాత ఎన్నాళ్ళు బతికిందని. నా మంచి రోజులు చెప్పాను. అప్పట్లో నేల మీద కూర్చుని లేచాను. నా కాలి గోళ్ళు నేనే తీసుకున్నాను. స్టేషన్ మెట్లు ఆగకుండా ఎక్కాను. "అవి అబద్ధం కాదు వసంతా. మూడేళ్ళు నిజంగా బతికాను."

"తెలుసక్కా. లావుగా ఉండేది నాకు అలవాటే. సన్నగా అయి మళ్ళా లావు అయ్యేది — అది నీ ముఖములో చూసినాను. దాన్ని నేను తాళలేను."

దాని మీద కోపం రావాలి. రాలేదు. కళ్ళెదుట కనిపించిందే చెప్పింది.

జూన్ 24

వెళ్ళిపోయింది. బస్సు కిటికీలోంచి "మాత్ర మరిచిపోవద్దక్కా" అని అరిచింది. నాకు.

జూన్ 27

ఏమీ రాయాలని లేదు.

జూలై 4

మరిది ఫోన్, వసంత మొగుడు. వసంత కాలి చిటికెన వేలు నల్లబడింది. మధురైకి తీసుకుపోయారట. "వేలు తీయాలంటుండారు వదినా. నీ పేరే చెప్పి ఏడుస్తా ఉండాది."

ఆ వరండాలో ఆ రోజు నేను సన్నగా నిలబడి ఉంటే? ఊరికే నిలబడి ఉంటే చాలు, ఒక్క మాట అక్కర్లేదు. సరే అని సంతకం పెట్టేది. నా ఒళ్ళు చూసి వెనక్కి పోయింది.

ఆయనతో అదే అన్నాను. "వేలు నీవల్ల నల్లబడిందా? పుండు ముందే ఉండింది కదా," అన్నారు. నిజమే. నిజమని తెలుసు. అయినా లోపలికి దిగదు.

జూలై 5

వేలు తీసేశారు. పాదం ఉంటుందంటున్నారు.

రేపు పొద్దున బస్సుకు పోవాలి. ఏ చీర కట్టుకోను... ఇది కూడా ఆలోచిస్తున్నాను, ఛీ.

జూలై 6

మధురై. మంచం మీద చిన్నపిల్లలాగా ఉంది. పెద్ద మనిషి ఒక్కసారిగా అంత చిన్నగా ఎలా కనిపిస్తుందో. నన్ను చూసి పక్కకు జరిగి చోటు చేసింది. కూర్చుంటే మంచం కిర్రుమంది.

గాయం మానాక ఆపరేషన్ గురించి మళ్ళీ ఆలోచించుకోమన్నారట ఇక్కడి డాక్టర్లు కూడా.

"అక్కా. ఒకటి అడుగుతా. నాకోసరం చెప్పొద్దు. ఇట్ల మళ్ళా వస్తుందని ముందే తెలిసుంటే, నువ్వు చేసుకునేదానివా?"

పక్క మంచం వాళ్ళకు భోజనం వచ్చింది. సాంబారు వాసన. నా నోట్లో నీళ్ళూరాయి — ఆ క్షణంలో కూడా.

"ఊఁ," అన్నాను.

అది అవునో, వింటున్నాననడమో వసంత అడగలేదు. నా చెయ్యి తీసుకుని చెంప కింద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నిద్ర పోలేదు. ఎదురు చూస్తోంది.