త్రాసు పళ్ళెంలో దుమ్ము

చెల్లీ,

పాలు కాచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. కంప్యూటర్ కట్టెయ్యకు, మనం ముగ్గురం ఆడుతున్న డిటెక్టివ్ ఆట నిన్న ఆపిన చోటే ఉంది.

ఆ ఆటలో కొట్టువాడు హత్య జరిగిన రోజంతా బేరాలు చేశానన్నాడు కదా. త్రాసు పళ్ళెం నిండా దుమ్ముందని నువ్వంటే, "వ్యాపారం సంగతి నీకేం తెలుసే" అన్నాను. మీ వదిన నవ్వింది. నువ్వు ఇక ఆడనని లేచిపోయావు.

పొద్దున మళ్ళీ చూశాను. బేరాలున్న త్రాసుకు అంత దుమ్మెక్కడిది? సాటి కొట్టువాడని వెనకేసుకొచ్చాను. తప్పు నాదే.

వాడి మీద నేరం మోపే మీట నేను నొక్కలేదు. అది నువ్వే నొక్కాలి.

అన్నయ్య

మీ వదిన అప్పుడే అదంతా తనే కనిపెట్టినట్టు మాట్లాడుతోంది. సాయంత్రం ఏడింటికల్లా ఆటకు వచ్చి నీ సొత్తు నువ్వు దక్కించుకో.